శాలువా కప్పని సినిమాలు

కళాకారుల మీద వచ్చే డాక్యుమెంటరీల్లో ఎక్కువ భాగం సన్మాన సభల్లాగే నడుస్తాయి. పుట్టిన ఊరు, గురువుగారి పేరు, అందుకున్న బిరుదులు, మధ్యమధ్య నలుగురు పెద్దలు సోఫాలో కూర్చుని చెప్పే మంచిమాటలు, చివర దండ, శాలువా. ఆయన గొప్పవాడని మనకు ముందే తెలుసు. అందుకే కదా చూడ్డానికి కూర్చున్నాం. తెలియనిదల్లా ఆ పని ఆయన ఎలా చేస్తాడన్నదే. గీసిన బొమ్మ మీదే మళ్ళీ రంగెందుకు పూశాడు? ఎత్తుకున్న పల్లవిని సగంలో వదిలి మళ్ళీ ఎందుకు మొదలుపెట్టాడు? చెయ్యి ఎక్కడ తడబడింది, ఎక్కడ దానంతటదే పరుగెత్తింది? ఇవి చూపించాలంటే సినిమా తీసేవాడికి భక్తి ఒక్కటే చాలదు. ఏదో ఒక ఉపాయం తట్టాలి, ఓపిక ఉండాలి, అవసరమైన చోట నోరు మూసుకుని చూసే మర్యాద తెలియాలి. చూడదగిన డాక్యుమెంటరీకి నేను పెట్టుకున్న కొలబద్ద ఇదే: అది అయిపోయాక ఆ పని గురించి నాకు కొత్తగా ఏమైనా తెలిసిందా?

ఆ కొలబద్దకు మొదట నిలిచేది ఆన్రి జార్జ్ క్లూజో తీసిన 'ది మిస్టరీ ఆఫ్ పికాసో' (1956). బొమ్మ వేసేవాణ్ణి సినిమా తీయడంలో పెద్ద చిక్కుంది. వెనక నుంచి తీస్తే వీపు కనబడుతుంది, పక్క నుంచి తీస్తే చెయ్యి అడ్డొస్తుంది. 1955 వేసవిలో నీస్ నగరంలోని విక్టోరిన్ స్టూడియోలో క్లూజో దీనికి విరుగుడు పట్టాడు. కాగితం అవతలి వైపుకు అచ్చంగా దిగే సిరా తెప్పించి, పికాసోను కాగితానికి ఒక వైపు నిలబెట్టి, కెమెరాను రెండో వైపు పెట్టాడు. ఇక తెర మీద మనిషి లేడు, చెయ్యి లేదు. తెల్లటి కాగితం మీద నల్లటి గీత తనంతట తానే పుట్టి, వంపు తిరిగి, ఆగి, ఇంకో గీతను వెతుక్కుంటుంది. ఛాయాగ్రాహకుడు క్లాడ్ రెన్వార్, చిత్రకారుడు ఒగుస్త్ రెన్వార్‌కు స్వయానా మనవడు.

అందులో ఒక ఘట్టం ఉంది. రీలులో ఫిల్ము ఇంక కొద్ది నిమిషాలే మిగిలిందని క్లూజో హెచ్చరిస్తాడు. ఆ కాస్త వ్యవధిలోనే పూలగుత్తి గీయడం మొదలుపెట్టిన పికాసో దాన్ని చేపను చేస్తాడు, చేపను కోడిని చేస్తాడు, చివరకు కోడి కూడా పోయి ఒక ముఖం మిగులుతుంది. ఇది గారడీ అనుకుని చప్పట్లు కొట్టేలోగా సినిమా తైలవర్ణాల దగ్గరకు వెళ్తుంది. సముద్రపు ఒడ్డు బొమ్మ ఒకటి పొర మీద పొరగా మారుతూ పోతుంది. మనకు బాగుందనిపించిన ప్రతి దశనూ ఆయన నిర్దాక్షిణ్యంగా కప్పేస్తాడు. చివరికి ఇది పాడవుతోందని తనే ఒప్పుకుని, వేరే కాన్వాసు మీద మళ్ళీ మొదలుపెడతాడు. అప్పటికి ఆయన వయసు 73. లోకమంతా జేజేలు కొడుతున్న మనిషి కెమెరా ముందు ఓడిపోయి మళ్ళీ కుంచె అందుకోవడం ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం. కాన్ ఉత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది. 1984లో ఫ్రెంచి ప్రభుత్వం ఈ సినిమాను జాతీయ సంపదగా ప్రకటించింది.

దీని పక్కనే చూడాల్సిన పది నిమిషాల సినిమా ఇంకొకటి ఉంది. ఫొటోగ్రాఫర్ హాన్స్ నమూత్, అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ మీద 1950 శరత్కాలంలో తీసి, మరుసటి ఏడు విడుదల చేసింది. పొలాక్ కాన్వాసును నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ రంగును చిలకరించేవాడు. నమూత్‌కు కూడా క్లూజో లాంటి ఆలోచనే, అతని కంటే ముందే, తట్టింది: కాన్వాసు బదులు అద్దం పెట్టి, అద్దం కింద కెమెరాతో పడుకున్నాడు. రంగుతీగలు, గులకరాళ్ళు, తీగముక్కలు మన కళ్ళ మీదే పడుతున్నట్టుంటాయి. కానీ చలిలో, ఆరుబయట, ఇలా నడువు, అలా ఆగు, మళ్ళీ చెయ్యి అని వారాల తరబడి చెప్పించుకుని చేసిన పని అది. ఆఖరి షాటు ముగిసిన రోజు సాయంత్రమే, రెండేళ్ళుగా మద్యం ముట్టని పొలాక్ తిరిగి గ్లాసు పట్టాడు. ఆ రాత్రి అతిథులు కూర్చున్న భోజనాల బల్లను తలకిందులు చేశాడు. ఆ తర్వాత మునుపటి ఊపు అతని పనిలో మళ్ళీ నిలకడగా రాలేదు. 1956లో కారు ప్రమాదంలో పోయాడు. తప్పంతా కెమెరాదే అనడం అన్యాయం. అయినా ఒంటరిగా చేసుకునే పనిని పది మంది కోసం మళ్ళీమళ్ళీ నటించి చూపమంటే కొందరు విరిగిపోతారన్నది మాత్రం నిజం. పికాసోకు కెమెరా అంటే పండగ. పొలాక్‌కు అది భరించలేని బరువు. ఈ తేడా పసిగట్టలేని దర్శకుడు ఎంత మంచి ఉపాయం కనిపెట్టినా లాభం లేదు. అద్దం మీద వేసిన ఆ బొమ్మ ఇప్పుడు ఒట్టావాలోని కెనడా నేషనల్ గ్యాలరీలో ఉంది.

మన దేశానికి వస్తే, ఈ కథ ఫిల్మ్స్ డివిజన్ దగ్గర మొదలవుతుంది. 1948లో పెట్టిన ఆ ప్రభుత్వ సంస్థ సినిమాలను ఒక తరం తెలుగు ప్రేక్షకులు హాల్లో అసలు సినిమాకు ముందు న్యూస్‌రీలు పేరుతో చూశారు. ఆనకట్టలు, మంత్రుల ప్రారంభోత్సవాలు, వరద సహాయం. టికెట్టు కొన్నవాళ్ళు అది అయిపోయే వేళకు లోపలికి వచ్చేవారు. అదే సంస్థలో జహంగీర్ భౌనగరీ సలహాదారుగా ఉన్న కాలంలో కొత్తవాళ్ళకు తలుపులు తెరుచుకున్నాయి. కెమెరా ఎప్పుడూ పట్టని చిత్రకారుడు ఎం.ఎఫ్.హుసేన్‌ను పిలిచి, నీకు తోచినట్టు తియ్యమన్నారు. అలా వచ్చిందే 'త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్' (1967). రాజస్థాన్‌లోని బూందీ, చిత్తోడ్, జైసల్మేర్‌లలో తీసిన చిన్న సినిమా. కథ లేదు, వివరణ లేదు. గొడుగు, లాంతరు, చెప్పు, ఆవు, గోడ మీది నీడ ఒకదాని పక్కన ఒకటి వచ్చి వెళ్తుంటాయి. బొమ్మ వేయక ముందు చిత్రకారుడి కన్ను ఏరుకునే సరుకంతా అదే. బెర్లిన్‌లో లఘుచిత్రాల విభాగంలో గోల్డెన్ బేర్ గెలిచింది. మాటలు లేని ఆ సినిమాను నడిపించే సంగీతం మన ఏల్చూరి విజయరాఘవరావుది. రవిశంకర్ శిష్యుడు, వేణు విద్వాంసుడు. 'భువన్ షోమ్'కు సంగీతం ఇచ్చిందీ ఆయనే. ఫిల్మ్స్ డివిజన్ సినిమాల వెనక ఏళ్ళ తరబడి వినిపించిన ఆ తెలుగువాడి పేరు మనలో ఎక్కువమందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

భారతీయ చిత్రాల్లో ఒకే ఒక్కటి చూడమంటే మాత్రం నేను సత్యజిత్ రాయ్ 'ది ఇన్నర్ ఐ' (1972) చూడమంటాను. శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారి ముఖర్జీ మీద ఇరవై నిమిషాల సినిమా. పుట్టుకతోనే ఒక కంటికి చూపు లేదు, రెండో కంటికి అంతంత మాత్రం. ఆ చూపుతోనే శాంతినికేతన్ హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు సాధుసంతుల జీవితాలను 1946-47లో కుడ్యచిత్రంగా వేశాడు. గోడ పొడవునా సాగే ఆ జనసమూహాన్ని పూర్తి స్థాయి నమూనా ముందు గీసుకోకుండా నేరుగా గోడ మీదే నడిపించాడు. 1950ల నడిమిలో కంటి ఆపరేషను వికటించి ఉన్న ఆ కాస్త చూపూ పోయింది. అక్కడితో ఆగలేదు. కాగితాలు కత్తిరించి అతికించాడు, మైనంతో బొమ్మలు చేశాడు, తడిమి తడిమి గీశాడు. రాయ్ సినిమా తీస్తున్నప్పుడు కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో పెద్ద కుడ్యచిత్రం కూర్చే పనిలో ఉన్నాడు.

రాయ్ 1940-42లో అక్కడ ఈయన దగ్గర చదువుకున్న విద్యార్థి. గురువు మీద సినిమా తీసే శిష్యుడు కళ్ళనీళ్ళు పెట్టించడానికి ఇంతకంటే అనువైన కథ దొరకదు. రాయ్ ఆ దారికే పోలేదు. వ్యాఖ్యానం తనే చదివాడు, గొంతు ఎక్కడా వణకదు. జాలి అనే మాట దరిదాపుల్లో లేదు. కెమెరా ముఖం కంటే ఎక్కువగా చేతుల దగ్గర ఉంటుంది. వేళ్ళు కాగితం అంచు ఎక్కడుందో చూసుకుంటాయి, ఒక చెయ్యి గీత మొదలైన చోటు పట్టుకుని ఉంటే రెండోది గీత సాగిస్తుంది. ముందు చూపున్న నాటి చిత్రాలు, ఆ పైన చూపు పోయాక చేసినవి వరుసగా చూస్తుంటే, పోగొట్టుకున్నదాని గురించిన సినిమా అనుకుని కూర్చున్న మనం ఒక మనిషి రూపాన్ని ఎలా ఆలోచిస్తాడన్న పాఠం వింటున్నామని మెల్లగా తెలుస్తుంది. చివర నిఖిల్ బెనర్జీ సితార్ మీద ఆసావరి వస్తుంది. ప్రభాతరాగం పెట్టడం రాయ్ తీర్పు. దాని గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అనక్కర్లేదు.

ఇదే రాయ్ 'బాల' (1976) విషయంలో నాకు సగమే తృప్తి. బాలసరస్వతిని తెర మీద పట్టుకోవాలన్న ఆయన కోరిక పాతది. చిన్నప్పుడే కలకత్తాలో ఆమె నాట్యం చూసినవాడు. కెమెరా వచ్చేసరికి ఆమెకు 58 ఏళ్ళు. 'కృష్ణా నీ బేగనే బారో' అభినయాన్ని సముద్రపు ఒడ్డున తీశాడు. గాలికి చీర ఎగురుతుంటుంది, వెనక అలలు కదులుతుంటాయి, ఇంత సూక్ష్మమైన ముఖాభినయానికి ఆ విశాలం అవసరమా అనిపిస్తుంది. అయితే కెమెరా మాత్రం కదలకుండా, ముక్కలు చేయకుండా ఆమెను చూస్తుంది. కళ్ళు పిల్లవాడి వైపు తిరిగాక నవ్వు రావడానికి ఎంత ఆలస్యం చేస్తుందో, ఆ ఆలస్యంలోనే అభినయం ఎలా ఉందో కనబడుతుంది. తెలుగువాళ్ళకు ఈ సినిమా ఇంకో రకంగా దగ్గరది. వీణ ధనమ్మాళ్ ఇంట, ఆమె కూతురు జయమ్మాళ్ గొంతులో, మనవరాలు బాల చూపులో క్షేత్రయ్య పదాలు తరతరాలుగా భద్రంగా బతికాయి. మువ్వగోపాలుడి పదాన్ని యవ్వనంలో ఆమె పట్టిన తీరుకు పూర్తి నిడివి సినిమా ఉండి ఉంటే ఈ రోజు కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే పిల్లలకు అంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఉండేది కాదు.

నాట్యాన్ని కెమెరా ఇంకో రకంగా పట్టవచ్చని చూపింది విమ్ వెండర్స్ 'పీనా' (2011). జర్మన్ నృత్య దర్శకురాలు పీనా బౌష్, షూటింగు మొదలుకావడానికి కొద్ది రోజుల ముందు, 2009 జూన్‌లో చనిపోయింది. సినిమా ఆపేద్దామనుకున్న వెండర్స్‌ను ఆమె బృందమే మళ్ళీ పనిలోకి దించింది. నర్తకులు ఒక్కొక్కరూ ఆమె గురించి మాటలతో చెప్పడం మానేసి, వుప్పర్టాల్ వీధుల్లో, ఆ ఊళ్ళో తలమీద వేలాడుతూ పోయే రైలులో, కొండ అంచున ఆడి చూపిస్తారు. మట్టి పరిచిన వేదిక మీద 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' ఆడుతుంటే చెమటకు మట్టి అంటుకుని దుస్తులు రంగు మారడం దగ్గర నుంచి కనిపిస్తుంది. సంస్మరణ సభ ఇలా కూడా పెట్టవచ్చు.

సంగీతం మీద సినిమాలు బోలెడు. వాటిలో మణి కౌల్ 'ధ్రుపద్' (1982) వేరే దారి. ఆయన తీసి ఊరుకోలేదు. డాగర్ సోదరుల దగ్గర కూర్చుని ధ్రుపద్ నేర్చుకున్నాడు. కాబట్టి రాగానికి ఎంత సమయం కావాలో ఆయనకు తెలుసు. జియా మొహియుద్దీన్ డాగర్ రుద్రవీణ మీద, తమ్ముడు ఫరీదుద్దీన్ గొంతుతో ఆలాపన సాగిస్తుంటే కెమెరా తొందరపడదు, పాత కట్టడాల్లో వెలుగునీడల మీదుగా నడుస్తుంది. వినడం అలవాటు లేనివాళ్ళు మొదటి పావుగంట విసుక్కుంటారు. ఆ తర్వాత ఒక స్వరం పక్క స్వరం వైపు ఎంత నెమ్మదిగా వంగుతుందో చెవికి పట్టుబడుతుంది. కౌల్ మరో సినిమా 'సిద్ధేశ్వరి' (1989), అప్పటికి పన్నెండేళ్ళ క్రితం చనిపోయిన బనారస్ ఠుమ్రీ గాయని సిద్ధేశ్వరీ దేవి మీద. ఆమెగా నటించిన మీతా వశిష్ఠ్ చివర్లో టీవీ ముందు కూర్చుని అసలు సిద్ధేశ్వరి పాడుతున్న పాత రికార్డింగు చూస్తుంది. నటి చూపే వేషానికీ ఆ గొంతుకూ మధ్య దూరాన్ని దర్శకుడు దాచకుండా మన ముందు పెట్టేస్తాడు. ఇంతటి నిజాయితీ ఉన్న జీవితచిత్రం మరొకటి నాకు గుర్తు రావడం లేదు.

నిజాయితీ మాట వచ్చింది కాబట్టి, అందరూ మెచ్చిన 'సర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' (2012) గురించి ఒక అభ్యంతరం చెప్పాలి. డెట్రాయిట్‌లో కూలిపని చేసుకునే రోడ్రిగ్స్ 1970లలో రెండు ఆల్బములు చేశాడు, అమెరికాలో ఎవరూ కొనలేదు. దక్షిణాఫ్రికాలో మాత్రం, అతనికే తెలియకుండా, ఇంటింటి గాయకుడయ్యాడు. వేదిక మీదే ఆత్మహత్య చేసుకున్నాడని అక్కడ పుకారు. అభిమానులు వెతికి పట్టుకుంటే బతికే ఉన్నాడు. ఆస్కార్ వచ్చిన ఈ సినిమా చూసి కదలనివాళ్ళుండరు, నేనూ కదిలాను. కానీ 1979లో, 1981లో అతను ఆస్ట్రేలియాలో కచేరీలు చేశాడన్న సంగతి దర్శకుడు చెప్పనే లేదు. చెబితే కథ కాస్త చప్పబడేదేమో, మనిషి మాత్రం ఇంకా నిండుగా ఉండేవాడు. 'ఫైండింగ్ వివియన్ మేయర్' (2013)లో చిక్కు మరో రకం. షికాగోలో పిల్లల ఆయాగా బతికిన స్త్రీ తీసిన లక్ష పైచిలుకు ఫొటోలు 2007 వేలంలో బయటపడ్డాయి. బతికున్నన్నాళ్ళూ ఎవరికీ చూపించుకోని ఆమె గదిని, కాగితాలను, రహస్యాలను మనం ఇలా తిరగేయవచ్చా? సినిమా ఆ ప్రశ్న అడిగి తొందరగా దాటేస్తుంది. ఫొటోలు మాత్రం చూసి తీరవలసినవి. నకిలీ చిత్రకారుడు ఎల్మీర్ డి హోరీ చుట్టూ ఆర్సన్ వెల్స్ అల్లిన 'ఎఫ్ ఫర్ ఫేక్' (1973) ఈ రెంటికీ ముందే చూస్తే, ఏ డాక్యుమెంటరీనీ గుడ్డిగా నమ్మకుండా ఉండడం అలవాటవుతుంది.

కళ అంటే ఒక్కరి సొత్తు కాని చోట కెమెరా ఏం చేయాలి? ఆనంద్ పట్వర్ధన్ 'జై భీమ్ కామ్రేడ్' దీనికి పద్నాలుగేళ్ళు తీసుకుంది. 1997 జులై 11న ముంబై రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పులకు పది మంది దళితులు బలయ్యారు. అది తట్టుకోలేక కవి, గాయకుడు విలాస్ ఘోగ్రే కొద్ది రోజులకే ఉరి వేసుకున్నాడు. పట్వర్ధన్ పాత సినిమాలో పాడిన మనిషి అతను. మిత్రుడి చావుకు కారణం వెతుక్కుంటూ బయలుదేరిన దర్శకుడు బస్తీలలో పాట ఎలా పుడుతుందో, ఎవరు అందుకుంటారో, చివరకు కబీర్ కళా మంచ్ కుర్రాళ్ళను పాట ఎందుకు అజ్ఞాతంలోకి నెట్టిందో చూపిస్తాడు. గద్దర్ పాటలు వింటూ పెరిగిన తెలుగువాళ్ళకు డప్పు దగ్గర నుంచి ప్రతిదీ పరిచయమైనట్టే ఉంటుంది. దీనికి పూర్తి భిన్నమైన ప్రశాంతతతో ఉండేది 'అప్ డౌన్ అండ్ సైడ్‌వేస్' (2017): నాగాలాండ్ ఫేక్ ప్రాంతపు మెట్లమెట్ల కొండచేలలో వరి పండించేవాళ్ళ పాటలు. నలుగురైదుగురు మట్టి పెళ్ళలు కొడుతూ, ఒకరి గొంతు మీద మరొకరి గొంతు మోపి పాడతారు. పని ఆగితే పాట ఆగుతుంది. సంగీతం వేదిక మీద ఉండేదని ఎవరైనా అంటే ఈ సినిమా చూపించాలి.

ఇన్ని చెప్పాక తెలుగు సంగతి చెప్పకుండా ఉండలేను. శివేంద్ర సింగ్ దుంగార్‌పూర్ 'సెల్యులాయిడ్ మ్యాన్' (2012) పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌ను నిలబెట్టిన పి.కె.నాయర్ కథ. పాత ఫిల్ములోంచి వెండి తీసుకోవడానికి రీళ్ళను కరిగించిన దేశంలో, ఊరూరా తిరిగి డబ్బాలు పోగుచేసిన మనిషి. దాదాసాహెబ్ ఫాల్కే పనిలో ఏదైనా ఈ రోజు కంటికి కనబడుతోందంటే ఆయన చలవే. ఆ సినిమా చూస్తుంటే మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) గుర్తొచ్చి గుండె చివుక్కుమంటుంది. దాని ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. రఘుపతి ప్రకాష్ 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) సంగతీ అంతే.

అలాగని మన దగ్గర ప్రయత్నమే లేదని కాదు. బి.నర్సింగరావు 'మా ఊరు' (1987) తెలంగాణ పల్లె పనిపాటలను పనితనంగా చూసిన సినిమా. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలై, కుటుంబాలకు కుటుంబాలే నాటకంగా బతికిన సురభి వారి మీద కె.ఎన్.టి.శాస్త్రి డాక్యుమెంటరీ తీశారు. కావలసింది ఇలాంటివి ఇంకా, ఇంకా. నిమ్మలకుంట తోలుబొమ్మలనే తీసుకుందాం. దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మన చానళ్ళు ఇంటికి వెళ్ళి, ఎలా అనిపిస్తోందని అడిగి వచ్చాయి. మేకతోలు నానబెట్టి, వెంట్రుక గీకి, వెలుతురు అవతలికి కనబడేంత పలచగా సాగదీసి ఆరబెట్టే పని. నగల కోసం ఉలితో పొడిచే ఒక్కో రంధ్రం. రెండు వైపులా అద్దే రంగు. కీళ్ళ దగ్గర కట్టే దారం. దీపం వెనక నుంచి పడగానే హనుమంతుడికి ప్రాణం రావడం. క్లూజోకు దొరికిన వెలుగు, తెర, అవతలి వైపు నుంచి చూసే చూపు, మూడూ ఇక్కడ పుట్టుకతోనే ఉన్నాయి. ఉపాయం కూడా వెతుక్కోనక్కర్లేదు. తోలు ఆరేదాకా, రాత్రి ఆట తెల్లవారేదాకా కెమెరాతో కూర్చునే దర్శకుడు ఒకడు కావాలి, అతనికి ఆ రోజులకు సరిపడా బత్తెం ఇచ్చే సంస్థ కావాలి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారికి: మొదటి రాత్రి 'ది ఇన్నర్ ఐ', దాని వెంటనే నమూత్ తీసిన పొలాక్. రెండూ కలిపి అరగంటే. పికాసో సినిమాను ఇంట్లో బొమ్మలు వేసే పిల్లలుంటే వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మాటలు తక్కువ కాబట్టి భాష అడ్డురాదు. 'జై భీమ్ కామ్రేడ్'కు ఆదివారం పూట ఒకటి కేటాయించాలి. 'ధ్రుపద్'ను ఫోన్ స్పీకరులో వినొద్దు, రుద్రవీణ మంద్రం అందులో వినబడనే వినబడదు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి.